కూర్మమ్మ కుండలో పులుపు

పోయిన వారం పద్మజని కాలేజీ ల్యాబులో, ఇంక్యుబేటర్ తలుపు పిడి మీద చెయ్యి వేసి ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆ పిల్ల చెయ్యి అక్కడే ఉందని కొందరు పాఠకులు దెప్పారు. నిజమే, తప్పు మాదే. ఈ వారం తలుపు తెరుద్దాం. అంతకు ముందు, దారిలో ఎక్కినవారి కోసం నాలుగు మాటలు.

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే దారిలో సవరయ్యవలస అని ఒక ఊరు. ఆ ఊరి చివర రేకుల షెడ్డు. అందులో ఆడా మగా కలిపి ఇరవైమంది పిల్లలు బరువులెత్తుతారు. వాళ్ళకి నేర్పేది జగన్నాధం. పగలు రాజాంలో రైసుమిల్లు పని, సాయంత్రం షెడ్డులో కోచ్ పని. ఆ పిల్లల కడుపులు చూసేది అతని తల్లి కూర్మమ్మ. నలభై ఏళ్ళుగా ఆవిడ తరవాణి కుండ ఎండింది లేదు. అన్నం వార్చిన గంజి ఏ రోజుకా రోజు కుండలో పోస్తుంది, అది పులుస్తుంది. జగన్నాధం పొద్దున్నే ఆ పుల్లనీళ్ళు బకెట్లోకి వంచి, షెడ్డు కుళాయి నీళ్ళతో పల్చన చేసి, ఉప్పేసి, మూతపెట్టి మిల్లుకి పోతాడు. సాయంత్రం బరువులు దించాక పిల్లలు తలో గ్లాసు తాగుతారు. పోటీలకి వెళ్ళేవాళ్ళకి మొదటి గ్లాసు. అది కూర్మమ్మ పెట్టిన ఆచారం.

మూడు వారాల కిందట ఆ తరవాణిలో ప్రోటీన్ పొడి కలిపి తాగిన ఏడుగురు పిల్లలు వాంతులతో, విరేచనాలతో పడిపోయారు. ఇద్దరికి రాజాంలో సెలైన్లు ఎక్కించారు. పద్మజ ఆ ఊరి పిల్లే, రాజాంలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ లెక్చరర్. బకెట్ అడుగున మిగిలినది సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేసింది. ఈ.కోలి దొరికింది. పేగుల్లోనుంచి మలంతోపాటు బయటపడి, నీళ్ళలో, తిండిలో చేరే క్రిమి అది. పొడి డబ్బా కూడా పరీక్ష చేసింది. అందులో ఏమీ లేదు. "పొడి శుభ్రంగా ఉంది. తప్పు తరవాణిదే అయ్యుండాలి" అంది. అయ్యుండాలి అన్న ముక్క ఊళ్ళో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే కూర్మమ్మ కుండ రోడ్డు మీద పగిలింది. షెడ్డు మూతబడింది. ఇక ఆ గడప తొక్కనని కూర్మమ్మ ఒట్టు పెట్టుకుంది.

ఊరు అక్కడితో మరిచిపోయింది గాని పద్మజకి మనసులో ముల్లు మిగిలింది. అంత పులుపులో ఆ క్రిమి అసలెలా బతికింది? పాఠం చెప్పేటప్పుడు ఆమె నోటితోనే ఏటా చెప్పే మాట, పుల్లటి వాటిలో ఇలాంటివి బతకలేవని. అందుకే మళ్ళీ మొదటికొచ్చింది. కూర్మమ్మ కుండలోంచి కాస్త తోడు తెచ్చుకుని మొదలుపెట్టిన కుండే పక్క వీధి జగ్గమ్మ ఇంట్లో ఉంది. అందులోంచి ఒక సీసాడు తరవాణి అడిగి తెచ్చుకుంది. నాలుగు గాజు కుప్పెలు పెట్టింది. ఒకదాంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు. రెండోదాంట్లో ఆ నీళ్ళూ పొడీ. మూడోదాంట్లో ఒట్టి తరవాణి. నాలుగోదాంట్లో తరవాణీ పొడీ. నాలుగింటిలోనూ ఈ.కోలిని సరిసమానంగా వేసింది. ఎనిమిది గంటలు బల్లమీదే ఉంచి, ఒక్కోదాన్నుంచి ఒక చుక్క తీసి ప్లేటు మీద రాసి, రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచింది.

ఇప్పుడు తలుపు తీసింది.

"శనోరం పూటైనా ఈ పురుగులకి సెలవిచ్చీరాదా మేడమ్?" అన్నాడు అటెండరు నాగబాబు గుమ్మంలోంచి. రిటైర్మెంటుకి ఏడాది ఉన్న మనిషి. ల్యాబు తాళాలు తప్ప ఆయనకి ఈ లోకంలో మరో బెంగ లేదు.

"అయిపోయింది నాగబాబుగారూ. పది నిమిషాలు."

"మీ పది నిమిషాలు నాకు తెల్దేటి?" అని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మొదటి ప్లేటు మీద గులాబీ చుక్కలు పల్చగా ఉన్నాయి. ఒట్టి నీళ్ళలో క్రిములు చావలేదు, పెరగనూ లేదు. తిండి లేని ఇంట్లో చుట్టాల్లా ఊరికే పడి ఉన్నాయి. రెండో ప్లేటు, అంటే నీళ్ళూ పొడీ, లెక్క పెట్టడానికి చోటు లేదు. ప్లేటంతా గులాబీ ముద్ద. కండకోసం చేసిన పొడి, ఎవరి కండకోసమని క్రిమి అడగదు కదా. మూడోది ఒట్టి తరవాణి. పద్మజ ఆ ప్లేటుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. ఒక్క చుక్క లేదు. వేసిన క్రిముల్ని వేసినట్టే తరవాణి మింగేసింది.

నాలుగోది తీయడానికి ఆమెకి భయం వేసింది. తీసింది. తరవాణీ పొడీ కలిసిన ప్లేటు మీద గులాబీ చుక్కలు వందల్లో ఉన్నాయి.

పులుపు కొలిచే కాగితం ముక్కలు రెండు తెచ్చి ముంచింది. ఒట్టి తరవాణిలో ముంచినది నారింజ రంగుకి తిరిగింది. పొడి కలిసినదాంట్లో ముంచినది ఆకుపచ్చకి దగ్గర్లో ఆగింది. అంతే సంగతి. పొడిలో దోషం లేదు, తరవాణిలోనూ దోషం లేదు. పొడి వెళ్ళి తరవాణి పులుపుని విరిచేసింది. ఇన్నేళ్ళూ కుండకి కాపలా ఉన్నది ఆ పులుపే. కాపలావాడిని నిద్రపుచ్చి, పైగా దొంగకి భోజనం పెట్టినట్టయింది.

"ఏటి మేడమ్, మొకం అలగెట్టినారు? ప్రయోగం తప్పినాదా?"

"లేదు. కుదిరింది" అంది పద్మజ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఎందుకంటే అప్పుడే ఆమెకి ఆ ఫోను గుర్తొచ్చింది.

మే నెల. పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ధనలక్ష్మి ఫోను చేసింది. షెడ్డులో అందరికన్నా గట్టి పిల్ల, పదిహేడేళ్ళది, తన బరువుకి ఒకటిన్నర రెట్లు తలపైకెత్తుతుంది. ఆ షెడ్డులోనే ఎదిగి రైల్వేలో ఉద్యోగం సంపాదించుకున్న పాత లిఫ్టరు ఎవరో రెండు డబ్బాల పొడి పంపించాడట. "అక్కా, ఆ పొడి నీల్లల్లో కలిపితే తియ్యగా ఎబ్బెట్టుగా ఉంటంది. కక్కొస్తంది. మామ్మ తరవాణిలో కలిపీసుకుందుమా? పొద్దున్న కలిపీసి సాయంత్రం తాగితే ఏటైనా అవుద్దా?" అని అడిగింది. పద్మజ చేతిలో ఎర్రకలం ఆగను కూడా లేదు. "పులుపులో ఏ పురుగూ బతకదే. కలుపుకోండి" అని పెట్టేసింది. పది క్షణాలు పట్టిందో లేదో.

ఏడుగురు పిల్లలు మంచాన పడ్డప్పుడు ఆ పది క్షణాలు ఆమెకి గుర్తే రాలేదు. గుర్తు రాలేదా, రానివ్వలేదా? స్కూటీ తాళం తీసుకుంటూ ఆ ప్రశ్న తనకు తానే వేసుకుంది.

రాజాం దాటాక రోడ్డుకి రెండు పక్కలా దుక్కి చేసిన మెట్ట పొలాలు. ఒక వాన పడి ఆగిపోయింది. స్కూటీ మీద ఒక్కర్తే వెళుతుంటే మనిషికి మంచి ఆలోచనలూ వస్తాయి, చెడ్డవీ వస్తాయి. పద్మజకి ముందు చెడ్డదే వచ్చింది, అదీ చాలా మర్యాదగా వచ్చింది. కూర్మమ్మ దగ్గరికి వెళ్ళు. కొత్త పరీక్షలో నీ కుండ తప్పు లేదని తేలిందని చెప్పు. పొడి కలపడం వల్ల జరిగిందని చెప్పు. కలపమన్నది ఎవరని ఊళ్ళో ఎవరు అడుగుతారు? పిల్లల చేష్ట అనుకుంటారు. ముసలమ్మ పేరు బాగుపడుతుంది, నీ పేరూ చెడదు. అబద్ధం ఒక్కటీ చెప్పక్కర్లేదు కూడా.

ఈ దారి ఎంత నున్నగా ఉందో చూసి ఆమెకే ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు తల్లి మిషను ఆసుపత్రిలో ఆయాగా డ్యూటీకి వెళితే, బళ్ళోంచి వచ్చిన పద్మజకి కూర్మమ్మ అరుగే ఇల్లు. తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిన్న మధ్యాహ్నాలు ఎన్నో. కులం, చర్చి, గుడి అని ఆ అరుగు మీద ఎవరూ అడగలేదు. ఆ చేతి కూడు తిని, ఆ చేతినే తప్పు పట్టింది. అది కూడా సగం పరీక్ష చేసి. కళ్ళు చెమ్మగిల్లి రోడ్డు మసకబారితే స్కూటీ పక్కకి ఆపి, చున్నీతో మొహం తుడుచుకుని మళ్ళీ బయల్దేరింది.

ఊళ్ళోకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. షెడ్డులోంచి ఇనుము నేలకి తగిలే చప్పుడు వినిపిస్తోంది. మూడు వారాల తరువాత ఈ రోజే షెడ్డు తెరిచారు. మంగళవారం ధనలక్ష్మికి రాష్ట్ర సెలక్షన్లు.

కూర్మమ్మ అరుగు మీద చేటలో ఉలవలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. షెడ్డు వైపు వీపు పెట్టి కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడుకి ఎదురుగా కూర్చున్న మనిషి.

"రా, కూసో. ఎండన పడి వచ్చినావు" అంది తలెత్తకుండానే.

"మామ్మా, నీతో మాట్లాడాలి."

"మాటాడు. నా నోరు మూసీసినారు గాని సెవులు మూయనేదు."

పద్మజ అరుగు అంచున కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తేలికైన వైపునుంచే మొదలుపెట్టింది. "నీ తరవాణిలో తప్పు లేదు మామ్మా. పురుగుని తీసుకెళ్ళి కావాలని అందులో వేశాను. ఎనిమిది గంటల్లో ఒక్కటి మిగల్లేదు."

కూర్మమ్మ ఒక రాయి ఏరి వీధిలోకి విసిరింది. "ఆ ముక్క సెప్పడానికి అంత దూరంనుంచి వచ్చినావేటి? నలభయ్యేల్లు ఎవులికేటైనాది?"

"పొడిలోనూ తప్పు లేదు."

"మరి?"

"రెండూ కలపడంలో ఉంది. ఆ పొడి పడగానే తరవాణి..." పద్మజ మాట కోసం వెతుక్కుంది. క్లాసులో అయితే బోర్డు మీద గీతలు గీసి చెప్పేది.

"పులుపు సచ్చిపోనాదా?" అంది కూర్మమ్మ.

పద్మజ తెల్లబోయింది. "నీకెలా తెలుసు?"

"ఓలమ్మ! పులుసులో పప్పు కలిపితే పులుపు సత్తాది కాదేటి? సింతపండెక్కువైనప్పుడు ఏటి సేత్తాం మరి? ఆ పొడి కూడా పప్పులాటిదేనని షెడ్డులో మీటింగెట్టి సెప్పినావు నువ్వే. పప్పు బలం, పొడి బలం అని." ఆవిడ మొదటిసారి తలెత్తింది. "ఆ సంగతి తెల్సుకోడానికి మూడోరాలు పట్టినాదా నీకు?"

పద్మజకి నవ్వు రాబోయి ఏడుపయింది. ఎమ్మెస్సీ చదివి, ఏడేళ్ళు పాఠం చెప్పి, నాలుగు కుప్పెలతో ఒక రాత్రీ పగలూ పడి తేల్చిన విషయం ఈవిడ వంటింట్లో ముందే ఉంది. ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. అడగాల్సింది పద్మజే.

"ఇంకోటుంది మామ్మా" అంది. "కలుపుకోమని చెప్పింది నేనే. ధనలక్ష్మి ఫోను చేసి అడిగింది. ఏం కాదు, కలుపుకోండి అన్నాను. ఆలోచించకుండా అనేశాను. తరవాత పిల్లలు పడిపోతే... నీ మీద చెప్పాను."

కూర్మమ్మ చేట పక్కన పెట్టింది. షెడ్డులో బరువు పడింది, దాని వెనకే ఇంకోటి పడింది.

"తెల్సు" అంది.

"ఏంటి?"

"ఆ గుంట నా ఫోనునుంచే సేసినాది. అందరికీ ఇనపడీటట్టు పెట్టి మరీ మాటాడినాది. నాను పక్కనే ఉన్నాను, గంజి పోస్తన్నాను. 'పులుపులో ఏ పురుగూ బతకదే' అన్నావు. సక్కగా ఇనపడినాది నీ గొంతు."

"మరి... కుండ పగలగొట్టిన రోజు అంతమంది ముందు ఎందుకు చెప్పలేదు?"

"ఆ గుంట సెప్పబోయినాది. నానే కాలు తొక్కినాను."

"ఎందుకు మామ్మా!"

కూర్మమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "కరోనా అప్పుడు ఈ ఊల్లో ఒక్కరు సూది యేయించుకున్నారేటి? నర్సమ్మొస్తే తలుపులేసుకున్నారు. నువ్వొచ్చి ఇంటింటికీ తిరిగినావు. ముందు నాకేయించినావు, తరవాత మీ అయ్యకి. అప్పుడు కదా ఊరు కదిలినాది. ఇప్పుడు ఏ బిడ్డకి జొరమొచ్చినా పద్మని అడుగు అంతారు. ఆ మాట ఒకసారి పోతే మల్లీ రాదే. నా కుండకేటి? సంతలో దొరుకుతాది."

అది విన్నాక పద్మజకి కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు. ఎవరైనా తిడితే తట్టుకోవచ్చు. మన తప్పుని భుజాన వేసుకుని మూడు వారాలు నోరు మెదపని మనిషి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి?

"నా మీద కోపం లేదా?" అంది చిన్నపిల్లలాగా.

"నేదనుకున్నావా? ఉన్నాది!" కూర్మమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "బోల్డున్నాది. నా సేతి కూడు తిని పెరిగినోల్లే నా గుమ్మం ముందు ముక్కు మూసుకుని ఎల్తన్నారు. నా కొడుకు నా సేత్తో నీల్లు పుచ్చుకోడానికి ఎనకాడినాడు. నీ మీద కోపం ఎందుకంటావా? సెప్పినందుక్కాదు. నన్ను ఒక్క ముక్క అడగనందుకు. సీసా అట్టుకుని వచ్చినావు, బకెట్లోది నింపుకున్నావు, ఎల్లిపోనావు. మామ్మా, ఇది ఎలగ సేస్తావు, ఇందులో ఏటేటి పోస్తారు అని అడిగినావేటి? నాను బతికే ఉన్నాను కదే!"

పద్మజ ఆవిడ చేతులు పట్టుకుంది. ఉలవల దుమ్ముతో గరుకుగా ఉన్నాయవి. ఏడ్చింది. కూర్మమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు, అలాగని ఊరుకో అనీ అనలేదు. ఏడవనిచ్చింది.

"చెప్తాను మామ్మా. ఇప్పుడే షెడ్డుకెళ్ళి అందరి ముందూ చెప్తాను. నా మాట పోతే పోనీ."

"సెప్పు. సెప్పొద్దననులే. మోసి మోసి నాకూ ఇసుగొచ్చినాది." కూర్మమ్మ మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది. నాలుగు గింజలు వేళ్ళతో కదిపి ఆగింది. "అయితే ఒక్కటి సెప్పు. నా కుండలో పురుగు నేదన్నావు."

"లేదు."

"పొడి డబ్బాలో నేదన్నావు."

"లేదు."

"మరి బకెట్లోకి ఎలగొచ్చినాది? ఆకాశంనుంచి ఊడిపడినాదా?"

పద్మజ వేళ్ళ మీద నాలుగు కుప్పెల్నీ మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ల్యాబులో క్రిమిని వేసింది తను. కొలిచి మరీ, సమానంగా, నాలుగు కుప్పెల్లోనూ తన చేత్తోనే వేసింది. అది బతుకుతుందా చస్తుందా అని చూసింది గాని, ఆ రోజు బకెట్లో దాన్ని వేసిందెవరు అన్న ప్రశ్నే వేసుకోలేదు. తరవాణి, పొడి. ఈ రెండింటి మధ్యే తగువు పెట్టి తీర్పు చెప్పింది. మూడోది ఒకటుంది. కళ్ళెదురుగా ఉంది. అది అందరికీ తెలుసు గనకే ఎవరూ చూడలేదు.

"మామ్మా" అంది నెమ్మదిగా. "తరవాణిలో పోసే నీళ్ళు... షెడ్డు కుళాయివేనా?"

"షెడ్డు ఎనక తొట్టి ఉన్నాది కదా, దానివే."

"ఆ తొట్టికి మూత ఉందా?"

"గాలివానకి ఎగిరిపోనాది. రెండేల్లయినాది. సర్పంచికి సెప్తనే ఉన్నారు. పందులు, కుక్కలు, పిట్టలు... దాని నీల్లు ఎవులూ తాగరులే. కాల్లు కడుక్కోడానికి, బకెట్లో పల్చన సేసుకోడానికి, అంతే. పిల్లలు తాగడానికి ఇంటినుంచి సీసాలు తెచ్చుకుంతారు."

రెండేళ్ళు. రెండేళ్ళుగా ఆ తొట్టి నీళ్ళు రోజూ బకెట్లో కలుస్తున్నాయి. రోజూ అందులో క్రిములు పడుతూనే ఉన్నాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మూతకింద తరవాణి వాటిని చంపుతూనే ఉంది. పిల్లలు తాగేసరికి ఒక్కటీ మిగలకుండా. ఎవరికీ చెప్పకుండా ఆ కుండ రెండేళ్ళు ఊరి పిల్లల్ని కాచింది. పద్మజ తీర్పుతో ఊరు పగలగొట్టింది దాన్నే.

ఆ ఆలోచన పూర్తిగా దిగకముందే రెండో ఆలోచన తగిలింది. ఇప్పుడు కుండ లేదు.

"మామ్మా! ఈ రోజు షెడ్డు తెరిచారు కదా. పిల్లలకి ఏం ఇస్తున్నారు?"

"ఏటుంది, ఆ పొడే. తరవాణి ఒద్దన్నారు కదా. పొద్దున్న మిల్లుకెల్లీ ముందు జగన్నాధం బకెట్లో కలిపీసి ఎల్లినాడు."

"ఏ నీళ్ళతో?"

కూర్మమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఆవిడ పెద్ద చదువులేమీ చదవలేదు. చదవక్కర్లేదు కూడా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్మజ కళ్ళ ముందు రెండో ప్లేటు కదిలింది. నీళ్ళూ, పొడీ. పులుపు లేదు, కాపలా లేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రేకుల షెడ్డు వేడిలో. లెక్క పెట్టడానికి చోటు లేని ఆ గులాబీ ముద్ద.

అప్పుడు గమనించింది. షెడ్డులోంచి ఇనుము చప్పుడు వినపడడం లేదు. బరువులు దించేశారు.

చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తింది పద్మజ. వీధి దాటి, తొట్టి పక్కనుంచి, తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళేసరికి పిల్లలు బకెట్ చుట్టూ వరసగా నిలబడి ఉన్నారు. జగన్నాధం చేతిలో గరిటె ఉంది.

"ఆపండి! మావా, ఆపు! ఎవరూ తాగొద్దు!"

జగన్నాధం గరిటె ఎత్తి అలాగే నిలబడ్డాడు. మిల్లు తవుడు ఇంకా అతని భుజాల మీద ఉంది. "ఏటైనాది మేడమ్?" అన్నాడు. పద్మ అని పిలిచే మనిషి, మూడు వారాలుగా మేడమ్ అంటున్నాడు. "ఈ పొడి మంచిదని సెప్పింది నువ్వే కదా? మా అమ్మ కుండ పనికిరాదని సెప్పిందీ నువ్వే. ఇప్పుడిది కూడా పారబోయాలా? మంగలారం గుంటకి సెలక్షనున్నాది. ఎవులి మాట మీద పారబోయమంటావు?"

పిల్లలు ఇరవైమందీ చూస్తున్నారు. కొందరి తల్లులు కూడా వచ్చి ఉన్నారు, గోడవార. పద్మజకి ఆయాసం తీరలేదు. అయినా ఆగలేదు.

"నా మాట మీద కాదు మావా. నా మాట తప్పు. పొడి తరవాణిలో కలుపుకోమని ఆ రోజు ఫోన్లో చెప్పింది నేను. పిల్లలు పడిపోయింది దానివల్ల. మామ్మ కుండలో ఏ దోషమూ లేదు. దోషం ఆ తొట్టి నీళ్ళలో ఉంది, నా తొందరలో ఉంది. మామ్మకి నా ఫోను సంగతి తెలుసు. తెలిసి నాకోసం నోరు మూసుకుంది."

గోడవార తల్లుల్లో ఎవరో "ఓలప్పా" అన్నారు. జగన్నాధం చెయ్యి దిగింది. గరిటెలోది తిరిగి బకెట్లోకి జారింది. అతని చూపు పద్మజని దాటి గుమ్మం మీదికి వెళ్ళింది. అక్కడ కూర్మమ్మ ఉంది. రొప్పుతోంది. తొక్కనన్న గడప మీద ఒక కాలు, లోపల ఒక కాలు.

"అమ్మా" అన్నాడు జగన్నాధం.

కూర్మమ్మ అతన్ని చూడలేదు. గబగబా వచ్చి రెండు చేతులా బకెట్‌ని పట్టి ఒక్క తోపు తోసింది. తెల్లటి నురగ షెడ్డు నేల మీద పారి, ఇనప చక్రాల కిందికి పోయింది. పిల్లలు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. పద్మజకి అప్పుడు ఊపిరి ఆడింది. ఎవరి గ్లాసూ నిండలేదు. దేవుడి దయ, సమయానికి వచ్చాం అనుకుంది.

వరసలో ముందు నిలబడ్డ ధనలక్ష్మి మాత్రం కదల్లేదు. చేతిలోని స్టీలు గ్లాసుని మెల్లగా బోర్లించి చూపించింది. అంచునుంచి ఒక తెల్లటి చుక్క జారి నేల మీద పడింది.

"పోటీకెల్లీవోల్లకి మొదటి గ్లాసు కదా మామ్మా" అంది. "నాను తాగీసినాను."